చవక కారు, అడ్డ నడక

వరి మడిలో దమ్ము చేసే ట్రాక్టరు ఎప్పుడో ఒకచోట దిగబడుతుంది. ఒక పెద్ద చక్రం బురద చిమ్ముతూ గిర్రున తిరుగుతుంది, రెండోది తనకేం పట్టనట్టు నిలబడిపోతుంది. అనుభవమున్న డ్రైవరు కంగారు పడడు. కాలి దగ్గరున్న చిన్న పెడల్ తొక్కుతాడు. రెండు చక్రాలూ ఒక్క ఇరుసుకు బిగించినట్టు కలిసి తిరుగుతాయి, బండి గట్టెక్కుతుంది. దాన్ని డిఫరెన్షియల్ లాక్ అంటారు. పాత కారు కొని డ్రిఫ్టింగ్ నేర్చుకుందామనుకునే కుర్రాడు, జపాన్‌లోనైనా అమెరికాలోనైనా, మొదట్లోనే తలపెట్టే పనుల్లో ఇదొకటి. అతని కారుకు ఆ పెడల్ ఉండదు. అందుకని డిఫరెన్షియల్ విప్పి, లోపలి పళ్ళచక్రాలకు ఏకంగా వెల్డింగ్ పెట్టేస్తాడు.

ఆ ముచ్చటకు మళ్ళీ వస్తాను. ముందు అసలు సంగతి. మలుపులో వెనక చక్రాల పట్టును కావాలనే తెంచి, కారు తోకను బయటికి జార్చి, ముందు చక్రాలను మలుపుకు ఎదురుగా తిప్పి, ఆ జారుడును ఆక్సిలరేటర్‌తో చివరిదాకా నిలబెట్టడమే డ్రిఫ్టింగ్. ముక్కు ఒకవైపు, పోయే దారి ఇంకోవైపు. డ్రైవరు ముందు అద్దంలోంచి కాక పక్క కిటికీలోంచి రోడ్డు చూస్తుంటాడు. పొగ, కీచుమనే చప్పుడు చూసేవాళ్ళ కోసం. నడిపేవాడికి మాత్రం అది కుడికాలి బొటనవేలి కింద జరిగే సన్నని పని. సినిమాల పుణ్యమా అని దీనికి వందల హార్స్‌పవర్ ఇంజను కావాలనే అపోహ ఒకటి స్థిరపడింది. నేను చెప్పబోయేది దానికి పూర్తిగా ఉల్టా. నేర్చుకునేవాడు ఇంజను మీద పెట్టే ప్రతి రూపాయీ, మొదటి ఏడాది, దండగే.

ఈ విద్యకు ఒక గురుపరంపర ఉంది. కునిమిత్సు తకహాషి మొదట మోటార్‌సైకిల్ రేసరు. 1961లో పశ్చిమ జర్మనీ గ్రాండ్ ప్రీలో 250 సీసీ హోండా మీద గెలిచి, ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసు నెగ్గిన తొలి జపనీయుడయ్యాడు. తర్వాత కార్లకు మారాడు. 1970లలో సర్క్యూట్ల మీద నిస్సాన్ స్కైలైన్‌ను మలుపుల్లో అడ్డంగా జారుస్తూ, అయినా వేగం చేజారకుండా నడిపేవాడు. నగానో ప్రాంతపు కెయిచి త్సుచియా ఆ నడక చూసి మోజుపడి, కొండదారుల మీద తనకు తానే సాధన చేశాడు. 1987లో వచ్చిన ‘ప్లస్పీ’ అనే వీడియోలో అతను కొండమలుపుల్లో చేసిన విన్యాసాలు క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు ఎక్కి దేశమంతా తిరిగాయి. ‘డ్రిఫ్ట్ కింగ్’ అన్న బిరుదు అతనిదే. ఇదంతా షోకు, నిజమైన రేసింగ్‌కు పనికిరాదు అనేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. 1995లో లె మాన్స్ 24 గంటల రేసులో తకహాషి, త్సుచియా, అకిరా ఈదా ఒకే హోండా ఎన్‌ఎస్‌ఎక్స్‌ను వంతులవారీగా నడిపి తమ క్లాసులో మొదటి స్థానం కొట్టారు. గురువూ శిష్యుడూ ఒకే సీట్లో మారి మారి కూర్చుని గెలిచారన్నమాట.

త్సుచియా పేరుతో విడదీయరాని కారు టొయోటా ఏఈ86. అది గొప్ప కారేమీ కాదు. 1983లో కరోలా కొత్త తరం వచ్చినప్పుడు కుటుంబాల కోసం చేసిన సెడాన్లు ముందు చక్రాల డ్రైవ్‌కు మారిపోయాయి. లెవిన్, ట్రూనో అనే కూపేలు మాత్రం పాత పద్ధతిలోనే, ఇంజను ముందు, నడిపే చక్రాలు వెనక, మిగిలిపోయాయి. 1587 సీసీ ఇంజను, కేటలాగులో రాసుకున్న శక్తి 130 హార్స్‌పవర్, బరువు టన్నుకు లోపు. వెనక వైపు, మన అంబాసిడర్‌కు ఉన్నట్టే, రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు. కాకపోతే కమాన్ కట్టలకు బదులు కాయిల్ స్ప్రింగులు. తేలిక, చవక, సూటి. పాత కార్ల మార్కెట్లో పెట్రోలు బంకు కుర్రాళ్ళకూ మెకానిక్ షెడ్డు కుర్రాళ్ళకూ అందుబాటులో ఉండేది. దాని మీదే ఈ విద్య పెరిగింది.

1995లో షుయిచి షిగెనో ‘ఇనిషియల్ డి’ అనే మాంగా మొదలుపెట్టాడు. అందులో టోఫు డెలివరీ చేసే కుర్రాడు ఏఈ86లో కొండ దిగుతూ ఖరీదైన కార్లను ఓడిస్తుంటాడు. పేదవాడి కారును ఆకాశానికెత్తిన ఆ కథే దాన్ని పేదవాడికి అందకుండా చేసిన కారణాల్లో ఒకటి. ఇప్పుడు మంచి ఏఈ86 దొరకాలంటే ఆస్తులు అమ్ముకోవాలి. దాని వారసురాలు నిస్సాన్ సిల్వియా ఎస్13దీ అదే కథ. 1988లో అది వచ్చినప్పుడు, జపాన్ డబ్బులో తేలుతున్న రోజుల్లో, అమ్మాయిని షికారుకు తీసుకెళ్ళే సొగసు కారని పేరు. సొగసు పాతబడి ధర పడిపోయాక డ్రిఫ్టర్ల చేతికొచ్చింది, ధర మళ్ళీ ఎక్కింది. ఈ పెరుగుదలను ‘డ్రిఫ్ట్ ట్యాక్స్’ అని వెక్కిరిస్తారు. అందుకని నా మొదటి సలహా: పేరున్న కారు వెంటపడకండి. పేరు లేని కారునే పట్టుకోండి.

జపాన్‌లో ఇలాంటి బండిని ‘మిస్సైల్’ అంటారు. సొట్టలు తీయరు, రంగు కలవదు, పగిలిన బంపర్‌కు బెజ్జాలు పెట్టి ప్లాస్టిక్ జిప్ టైలతో గాయానికి కుట్లేసినట్టు కుట్టేస్తారు. ఫుకుషిమా ప్రాంతం నిహోన్‌మత్సులో ఎబిసు సర్క్యూట్ అని ఒక కొండచరియ మీద పరచుకున్న ట్రాకుల సముదాయం ఉంది. పక్కనే సింహాలూ పులులూ ఉండే సఫారీ పార్కు. అక్కడ జరిగే డ్రిఫ్ట్ మత్సురికి, అంటే డ్రిఫ్ట్ తిరునాళ్ళకు, ఇలాంటి కుట్ల బండ్లే బారులు తీరతాయి. గోడకు తగిలించినా కళ్ళవెంట నీళ్ళు రాని కారులోనే మనిషి నేర్చుకుంటాడు. కారు మీద ప్రేమ ఎక్కువైతే కాలు ఆక్సిలరేటర్ మీద ఆనదు.

జపాన్ బయట కొత్తవాళ్ళ చేతుల్లో ఎక్కువగా కనిపించేవి బీఎండబ్ల్యూ ఈ36, ఈ46, మజ్దా ఎంఎక్స్-5, నిస్సాన్ 350జెడ్. అమెరికాలో ఉన్న మన పిల్లలు అడిగితే నేను ఈ36కే ఓటేస్తాను. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం దానికి 2700 మిల్లీమీటర్లు, పాత ఎంఎక్స్-5కు 2265. పొడుగు బండి నిదానంగా తోక తిప్పుతుంది, దిద్దుకోవడానికి సమయమిస్తుంది. పొట్టి బండి బొంగరం. గేర్‌బాక్స్ మాన్యువల్‌దే కావాలి, క్లచ్ లేకుండా ఈ ఆటలో సగం పాఠాలు లేవు. కొనేముందు ఇంజను చప్పుడు వింటూ మురిసిపోకుండా కిందికి దూరి రేకు చూడండి. ఈ46లో వెనక సబ్‌ఫ్రేమ్ బిగించే చోట ఫ్లోర్ రేకు చిరగడం పేరుపడ్డ జబ్బు. ఇంజను పోతే ఇంకోటి తెచ్చుకోవచ్చు, తుప్పుపట్టి కుళ్ళిన రేకుకు మాత్రం మందు లేదు.

కారు ఇంటికొచ్చింది. మొదటి ఖర్చు ఎవరూ ఫొటో తీసి చూపించుకోని వాటి మీద. ఇంజనాయిలు, గేరాయిలు, బ్రేకాయిలు మార్చాలి. పగుళ్ళిచ్చిన రబ్బరు బుష్‌లు, వదులైన బాల్ జాయింట్లు, కారుతున్న షాక్ అబ్జార్బర్లు తీసేయాలి. బుష్ ఊగుతుంటే కారు చెప్పే మాట మీకు అందేలోపు మారిపోతుంది. తప్పు మీదో బండిదో తేలదు. ఆ తర్వాత రేడియేటర్. మామూలు రోడ్డు మీద ఎదురుగాలి ముక్కులోంచి దూరి నీళ్ళను చల్లబరుస్తుంది. డ్రిఫ్ట్‌లో ఇంజను పై ఆర్పీఎంలో అరుస్తుంటుంది, కారేమో నెమ్మదిగా, అదీ పక్కకు పోతుంటుంది. గాలి ఎక్కడ దూరాలి? అందుకే కాస్త పెద్ద రేడియేటర్, నమ్మకమైన ఫ్యాను, కొత్త హోస్ పైపులు. ఎదురు స్టీరింగ్ ఆగకుండా కొట్టేసరికి పవర్ స్టీరింగ్ ఆయిలు కూడా మరిగి పొంగుతుంది, దానికో చిన్న కూలర్ పెడితే మంచిది. ట్రాక్ రోజున కొత్తవాళ్ళ బండ్లు ఆగిపోయేది గుద్దుకుని కన్నా ఉడికిపోయే ఎక్కువ.

ఇప్పుడు డిఫరెన్షియల్. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. కాడికి కట్టిన ఎడ్లు మళ్ళేటప్పుడు లోపలి ఎద్దు దాదాపు నిలబడి, బయటి ఎద్దు చుట్టి వస్తుందే, అలా. రెంటికీ వేరువేరు వేగాలనిచ్చే పళ్ళచక్రాల పెట్టె డిఫరెన్షియల్. దాని లోపమేమిటంటే, ఏ చక్రానికి పట్టు తక్కువుందో దాని దారినే శక్తంతా పారబోస్తుంది. మలుపులో బరువంతా బయటి చక్రం మీద పడుతుంది, తేలికైన లోపలి చక్రం ఒక్కటే కాలి పొగ కక్కుతుంది. తోక మాత్రం కదలదు. డబ్బున్నవాళ్ళు ఈ తేడాకు హద్దు పెట్టే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ కొంటారు. లేనివాళ్ళు వెల్డింగ్ చేస్తారు.

ఆ పని చూడటానికి మోటుగా ఉంటుంది కానీ శ్రద్ధ అడుగుతుంది. నూనె వంచేసి, డిఫరెన్షియల్ దించి బల్ల మీద పెడతారు. క్రౌన్ చక్రం మధ్యలో ఉన్న కిటికీలోంచి నాలుగు చిన్న పళ్ళచక్రాలు కనిపిస్తాయి. రెండు ఇరుసులవి, రెండు వాటి మధ్య తిరిగేవి. వాటి పళ్ళ సందుల్లో నూనె తడి లేకుండా బ్రేక్ క్లీనర్ కొట్టి, తుడిచి, మళ్ళీ కొట్టాలి. ఇక్కడే తొందరపడేవాళ్ళు చెడిపోతారు. నూనె మరక మీద పడ్డ వెల్డు బొంగులా గుల్లవుతుంది, మూడో రోజు విరిగి క్రౌన్ పళ్ళలో పడుతుంది. నిప్పురవ్వలు పడకుండా బేరింగులకూ క్రౌన్ పళ్ళకూ తడిగుడ్డ చుడతారు. ఎర్త్ క్లాంపు బల్లకో బయటి పెట్టెకో కాదు, వెల్డు పడే భాగానికే తగిలించాలి. లేకపోతే కరెంటు బేరింగుల్లోంచి పారి గుంటలు పెడుతుంది. పళ్ళను పళ్ళకే అతకాలి, పోత ఇనుప పెట్టెకు కాదు. పోత ఇనుము వేడికి పగులుతుంది. అయ్యాక నీళ్ళు పోయకుండా దానంతట అది చల్లారేదాకా ఆగి, రాలిన గుండ్లన్నీ ఏరి, కడిగి, కొత్త నూనె పోస్తారు.

షెడ్డులోంచి బయటికి తీసి మొదటి మలుపు తిప్పగానే కారు మూలుగుతుంది. లోపలి టైరు రోడ్డు మీద గీరుకుంటూ కీచు, కీచుమని గంతులేస్తుంది. పార్కింగ్‌లో జనం తిరిగి చూస్తారు. అది జబ్బు కాదు, ఇక నుంచి ఆ కారు గొంతే అంత. కానీ వాన రోడ్డు మీద ఈ బండి మామూలు మలుపులో కూడా తోక ఆడిస్తుందని గుర్తుంచుకోవాలి. నన్నడిగితే ఇలాంటి కారు ట్రాకుకు లారీ మీద వెళ్ళి లారీ మీద రావడమే మేలు.

తర్వాతి డబ్బు సీటుకు. ఇది విని కుర్రాళ్ళు నీరుగారిపోతారు, కానీ నా లెక్కలో ఇది వెల్డింగ్‌కు సరిసమానం. కారు అడ్డం పోతున్నప్పుడు మామూలు సీట్లో మనిషి పక్కకు జారిపోతూ స్టీరింగ్ పట్టుకుని వేలాడతాడు. ఊతకర్రగా మారిన స్టీరింగ్‌తో కారును తిప్పడం కుదరదు. నడుమును రెండు వైపులా పట్టుకునే బకెట్ సీటు, భుజాల మీదుగా వచ్చే బెల్టులు ఉంటే చేతులు ఖాళీ అవుతాయి. వెన్ను నుంచే కారు కదలిక తెలుస్తుంది. హెల్మెట్, చేతికందేట్టు బిగించిన అగ్నిమాపక సిలిండరు, కదలకుండా కట్టిన బ్యాటరీ, ముందూ వెనకా లాగడానికి కొక్కేలు. ఇవి లేకుండా ఏ ట్రాకూ లోపలికి రానివ్వకూడదు.

స్టీరింగ్ కోణం గురించి పెద్ద శాస్త్రమే ఉంది. పోటీలకు వెళ్ళేవాళ్ళు నకిల్స్ కోయించి, ఆర్ములు పొడిగించి, ముందు చక్రాలను పీత కాళ్ళలా తిప్పుతారు. కొత్తవాడికి టై రాడ్ మొదట్లో, రాక్ చివర, కొన్ని మిల్లీమీటర్ల మందం వాషర్ చాలు, రాక్ ఇంకాస్త జరిగి చక్రం ఇంకాస్త తిరుగుతుంది. పూర్తిగా తిప్పినప్పుడు బ్రేక్ పైపు సాగడం లేదని, టైరు ఎక్కడా రాసుకోవడం లేదని చూసుకోవాలి. అలైన్‌మెంట్‌లో ముందు చక్రాలకు మూడు డిగ్రీల దాకా నెగెటివ్ క్యాంబర్, అంటే పై అంచు లోపలికి వాలడం, వెనక వాటికి దాదాపు సున్నా. క్యాస్టర్ ఎంత వీలైతే అంత. సూపర్ మార్కెట్ ట్రాలీ ముందు చక్రాన్ని చూశారా? ఎటు తోస్తే అటు తనంతట తానే తిరుగుతుంది. క్యాస్టర్ ఎక్కువుంటే కారు ముందు చక్రాలూ అలాగే, తోక జారగానే పోయే దిక్కుకు తమంతట తామే తిరుగుతాయి. హ్యాండ్‌బ్రేక్‌కు హైడ్రాలిక్ సరంజామా తర్వాత చూసుకోవచ్చు. ఇప్పటికి కేబుల్ బిగించి, లాగిన లివర్ గుబ్బ వదలగానే వెనక్కి పడేట్టు చేసుకుంటే సరి.

బండి సిద్ధం, ఇక సాధన. నీళ్ళు చల్లిన ఖాళీ తారు మైదానం, మధ్యలో ఒక కోను. మొదటి గేరు, స్టీరింగ్ పూర్తిగా ఒక వైపుకు, ఇంజను నాలుగు వేల ఆర్పీఎంకు ఎత్తి క్లచ్ ఠక్కున వదిలేయాలి. తోక విసురుగా తిరుగుతుంది. సరిగ్గా ఆ క్షణాన కొత్తవాడు చేసే తప్పు స్టీరింగ్‌ను బిగబట్టడం. పట్టు వదలండి. చక్రం మీ అరచేతుల్లో దానంతట అదే గిర్రున ఎదురు దిక్కుకు పరుగెత్తుతుంది. ఆగాల్సిన చోట వేళ్ళతో మెత్తగా అందుకోవాలి. ఇక మిగిలింది కాలు. ఎక్కువ తొక్కితే బొంగరం, తక్కువ తొక్కితే కారు నిటారై కోను మీదికి పోతుంది. రెంటి మధ్య వెంట్రుకవాసి చోటు ఉంది, దాన్ని వెతుక్కోవడమే ఆ రోజు పని. గుండ్రం కుదిరాక రెండు కోన్ల మధ్య ఎనిమిది అంకె. అందులో కఠినమైన చోటు నడుమ దాటేది, అక్కడ తోక కుడి నుంచి ఎడమకు మారాలి. ఎనిమిది చక్కగా రాయగలిగినవాడికి క్లచ్ తన్ను, హ్యాండ్‌బ్రేక్ లాగుడు, మలుపుకు ముందు ఎదురు దిక్కుకు ఊపి బరువు మార్చడం లాంటి మిగతా ఎత్తుగడలు వారాల్లో వస్తాయి. ఎనిమిది రానివాడికి ఏళ్ళయినా రావు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పు మరొకటుంది. భయపడి ఆక్సిలరేటర్ మీంచి ఒక్కసారిగా కాలు తీసేయడం. వెనక టైర్లకు పట్టు తిరిగి దొరుకుతుంది, ఎదురు స్టీరింగ్ ఇంకా అలాగే ఉంటుంది, కారు రెండో వైపుకు చాచి కొట్టినట్టు తిరుగుతుంది. ఇది నాకు పుస్తకాల వల్ల తెలిసింది కాదు. మా ఇంట్లో అంబాసిడర్ ఉన్న రోజుల్లో తొలకరి జల్లుకు నూనె తేలిన రోడ్డు మీద, చింతచెట్ల మలుపులో, తోక కుడికి జారింది. కాలు తీసేశాను, స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాను, ఆపైన బ్రేకు తొక్కాను. మూడూ తప్పులే. బండి ఎడమకు విసిరి, రోడ్డు దిగి వేరుశనగ చేలో ఆగింది. బండిది తప్పేమీ లేదు. వెనక చక్రాల బండి ఎలా జారుతుందో నాకెవరూ నేర్పలేదు, నేర్పాలని ఎవరికీ తట్టలేదు. కొన్ని మంచు దేశాల్లో డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళతో జారే నేల మీద సాధన చేయిస్తారు. నా దృష్టిలో డ్రిఫ్టింగ్ విలువ ట్రోఫీల్లో కన్నా ఇక్కడే ఎక్కువుంది. నలభై కిలోమీటర్ల వేగంలో, గుద్దుకోవడానికి ఏమీ లేని చోట, పట్టు తప్పడమంటే ఏమిటో వెయ్యిసార్లు చూసిన మనిషి వెయ్యిన్నొకటోసారి కంగారు పడడు. శక్తి తక్కువున్న కారు దీన్ని ఇంకా బాగా నేర్పుతుంది. మూడు వందల హార్స్‌పవర్ మీ తప్పును పొగలో దాచేస్తుంది. నూట ముప్పై దాచదు.

మన దగ్గర సాధ్యమా అంటే, కష్టం. పాత విదేశీ కార్ల దిగుమతికి తలుపులు దాదాపు మూసి ఉన్నాయి. మనకు దొరికే వెనక చక్రాల డ్రైవ్ బండ్లలో మారుతీ ఓమ్ని సన్నంగా, ఎత్తుగా ఉంటుంది. అది అడ్డంగా జారేలోపు బోల్తా పడుతుంది, దయచేసి దాని జోలికి పోకండి. అంబాసిడర్ ఉత్పత్తి 2014లో ఆగిపోయింది, ఉన్నవాటిని ముచ్చటగా దాచుకుంటున్నారు. ఇక రోడ్డు మీద, ఫ్లైఓవర్ మీద, రీల్ కోసం చేసే విన్యాసం సంగతి: మోటారు వాహనాల చట్టంలో 184వ సెక్షన్ ప్రమాదకరమైన డ్రైవింగ్‌ను, 189వ సెక్షన్ బహిరంగ రోడ్ల మీద పందేలను శిక్షిస్తాయి. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడానికి 52వ సెక్షన్ ఒప్పుకోదు. చట్టం మాట అటుంచినా, ఎదురుగా స్కూటర్ మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని వచ్చేవాడు ఈ ఆటకు ఒప్పుకోలేదు కదా. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై, కోయంబత్తూరు కారి స్పీడ్‌వే లాంటి మూసిన ట్రాకులున్నాయి. అనుమతి తీసుకుని, అంబులెన్సు పెట్టుకుని, అలాంటిచోటే చేయాలి.

ఇక టైర్లు. ముందు వాటికి మంచివి కొనండి, దారి చూపేవి అవే. వెనకకు ఏవైనా సరే, గట్టి రబ్బరు, సన్నవి, కాస్త గాలి ఎక్కువ. తక్కువ శక్తి కారు వాటి మీద సులభంగా జారుతుంది. టైరు షాపు వెనక పడేసిన సగం అరిగినవి చవగ్గా దొరుకుతాయి, కానీ లోపలి తీగ బయటపడ్డవి, పక్కగోడ ఉబ్బినవి ముట్టుకోకండి. రిమ్ములతో సహా నాలుగు జతలు పట్టుకెళ్ళినా సాయంత్రానికి చాలవు. అరగంట ముందు ఆపేయాలని మీకూ తెలుసు, ఆపరు. అందుకే కారును మీ దేశపు చట్టం రోడ్డెక్కనిస్తే, ఇంటికి తిరిగి రావడానికి రెండు మంచి టైర్లు విడిగా కట్టి, ఎవరో ఒక స్నేహితుడి బండిలో పెట్టించండి. మీ డిక్కీలో ఉంటే అవీ కాలిపోతాయి.